పెళ్లివారి సూది

వేవిళ్లతో హైమ మంచినీళ్లు కూడా కక్కేస్తోంది. భర్త పానకాలు ఆమెను తెనాలి ఆసుపత్రికి తీసుకెళ్తే నర్సు చేతులెత్తేసింది.

"వాంతుల సూది మా దగ్గరెక్కడిదండీ? ఉన్నదంతా కల్యాణమండపాలకే పోతోంది. ఏదైనా పెళ్లికెళ్లండి."

నిజమే. ఆ సూది పడితే వికారం ఉండదు, తిన్నది గబగబా కిందికి దిగిపోతుంది. అందుకే పెళ్లిళ్లలో పన్నీరు చల్లడం మానేసి, గుమ్మంలోనే సూది వేసి, వచ్చిన ఒక్కొక్కరినీ మూడేసి బంతుల్లో కూర్చోబెడుతున్నారు.

పిలవని పెళ్లికి వెళ్లాలంటే పానకాలుకు తల కొట్టేసినట్టయింది. అయినా భార్యను ఎదురుగా ఉన్న మండపానికి నడిపించాడు. గుమ్మంలోని అమ్మాయి, "ఆడపెళ్లివారా, మగపెళ్లివారా?" అంటూనే హైమ జబ్బకు సూది గుచ్చేసింది.

కాసేపటికి హైమ ముఖం తేటపడింది. "ఏవండీ, ఆకలేస్తోంది," అంది. బంతిలో కూర్చుని పెరుగన్నం నాలుగు ముద్దలు తింది. అవి కడుపులో నిలిచాయి. పానకాలుకు కళ్లు చెమర్చాయి.

అటుగా వచ్చిన పెళ్లికూతురి తండ్రి, విస్తట్లో ముట్టని పిండివంటలు చూసి నొచ్చుకున్నాడు.

"సూది వేయించుకుని పెరుగన్నమా అమ్మా? మా పరువేం కాను?"

"కడుపుతో ఉందండీ," అన్నాడు పానకాలు.

"ముందే చెప్పొద్దూ? అయితే రెండు సూదులు పడాలి!" అని ఆయన గుమ్మం వైపు కేకేశాడు.

పానకాలు భార్యను లేవదీసి, ఆమెకు ఎంగిలి చెయ్యి కడుక్కునే వ్యవధైనా ఇవ్వకుండా వీధిలో పడ్డాడు.