ఇలోనా కుర్చీ

"మాస్టారూ, లేవండి. అది మీ కుర్చీ కాదు."

ఆ మధ్యాహ్నం నుంచి ఫాంగ్ లాన్ ఈ మాట అనడం ఏ నలభయ్యోసారో.

బీజింగ్‌లో ఏటా జరిగే క్రీడా పురస్కారాల సభ. సాయంత్రం ఏడింటికి దేశమంతా టీవీ ముందు కూర్చుంటుంది. హాల్లో ఎవరు ఎక్కడ కూర్చోవాలో చూసే పని ఫాంగ్ లాన్‌ది. పదహారేళ్లుగా అదే చాకిరీ. తెల్లవారుజామున వేసుకున్న బూట్లు ఇంకా విప్పలేదు, లోపల కాళ్లు వాచిపోయాయి.

కుర్చీలో మనిషి లేవలేదు. నలభై అయిదేళ్లుంటాయి. వెలిసిపోయిన ట్రాక్ సూట్, ఒళ్లో భోజనం డబ్బా.

"నాదేనమ్మా," అన్నాడు.

"కుర్చీ వీపు మీద పేరు అంటించాం. చదివారా?"

"చదివాను. అందుకే కూర్చున్నాను."

కాగితం మీద పెద్దక్షరాలతో ఉంది, ఇలోనా అని. హంగేరీ టేబుల్ టెన్నిస్ క్రీడాకారిణి.

"అయితే ఇలోనా మీరేనా?"

"నేనే."

లైట్లు సర్దుతున్నవాళ్లు పగలబడి నవ్వారు.

"అయ్యో, గుర్తుపట్టలేదు తల్లీ! ఆ పొడుగు జడ ఎప్పుడు కత్తిరించారు?" అన్నాడొకడు.

ఆ మనిషి కూడా నవ్వాడు. ఫాంగ్ లాన్‌కి నవ్వు రాలేదు. నవ్వడానికైనా ఒంట్లో ఓపిక ఉండాలి కదా.

ఈ ఏటి ఉత్తమ క్రీడాకారిణి నింగ్ షూ. ప్రపంచ పోటీల ఫైనల్లో ఆ ఇలోనానే ఓడించింది. తన తరఫున ఒక్క అతిథికి కుర్చీ కావాలంటూ ఈ పేరు రాసి పంపింది. అది చూసి డైరెక్టర్ గువో ఎగిరి గంతేశాడు.

"ఓడినామెనే పిలిచింది! ఇద్దరూ వేదిక మీద వాటేసుకుంటే దేశం దేశమంతా ఏడుస్తుంది!"

హంగేరీకి రెండు ఉత్తరాలు వెళ్లాయి. జవాబు లేదు. అయినా పొద్దుటి నుంచి విమానాశ్రయంలో కారు ఆగి ఉంది. దుబాసీ కూడా వచ్చి కూర్చుంది. ఇలోనా జాడ మాత్రం లేదు. నింగ్ షూని అడుగుదామంటే, ఎక్కడో పోటీ ముగించుకుని ఆమె ఇంకా విమానంలోనే ఉంది.

"ఆ కుర్చీ టీవీలో ఖాళీగా కనిపించిందో, రేపటి నుంచి నువ్వు ఇంట్లోనే," అన్నాడు గువో.

"సరే, తినడమయ్యేదాకా కూర్చోండి," అంది ఫాంగ్ లాన్ ఆ మనిషితో. తనూ పక్క కుర్చీ అంచున కూలబడింది.

అతను ఎడమచేత్తో చాప్‌స్టిక్ పుల్లలు పట్టుకుని అన్నం తింటున్నాడు.

"ఎడమచేతి వాటమా?"

"కాదు. ఉద్యోగం అలా చేసింది."

"ఏం ఉద్యోగమో?"

"మొదట్లో గెలవడం. తర్వాత్తర్వాత ఓడిపోవడం."

"బాగుంది. నాకూ ఇప్పించండి. కూర్చుని చేసేదేనా?"

"ఎక్కడ! రోజంతా నిలబడే." అతను మోచెయ్యి రుద్దుకున్నాడు.

ఆరున్నర అయింది. చెవిలో పెట్టుకున్న ఇయర్‌ఫోన్‌లో గువో గొంతు మోగింది.

"ఇక ఆవిడ రాదు. ఆ దుబాసీ పిల్లని కూర్చోబెట్టు. ఆమెదీ బంగారు జుట్టే కదా, దూరం నుంచి ఎవడికి తెలుస్తుంది?"

ఫాంగ్ లాన్ లేచింది.

"మాస్టారూ, ఇక లేవండి."

"నింగ్ షూ నాకు పాస్ ఇచ్చిందమ్మా. ఇదిగో."

"వెనక నిలబడేవాళ్లందరికీ పాసులిచ్చాం."

"అది కాదమ్మా, నిజంగానే నేను..."

"దండం పెడతాను. పరాచికాలకి వేళ కాదు. నా ఉద్యోగం పోతుంది!"

అతను ఆమె మొహం కేసి చూశాడు, తర్వాత బూట్లలో బిగుసుకుపోయిన కాళ్ల కేసి చూశాడు.

"నిలబడే ఉద్యోగం కష్టమేలే," అని లేచాడు. "నాకు తొమ్మిదిన్నరకి రైలుంది. ముందు రైలేదైనా దొరుకుతుందేమో చూసుకుంటాను."

వెళ్తూ వెళ్తూ, కుర్చీ వీపు మీద వంకరపోయిన కాగితాన్ని సరిగ్గా అతికించాడు.

అమ్మయ్య అనుకుంది ఫాంగ్ లాన్.

ఏడూ నలభైకి నింగ్ షూ బహుమతి అందుకుంది. చప్పట్లు ఆగాక మైకు దగ్గరికి వచ్చింది.

"ఇది నా ఒక్కదానిదీ కాదు. ఇలోనా, పైకి రా!"

కెమెరాలన్నీ మూడో వరుస కేసి తిరిగాయి. దుబాసీ పిల్ల బిక్కచచ్చిపోయి లేచి నిలబడింది.

"ఈ అమ్మాయెవరు?" అంది నింగ్ షూ.

హాలంతా గొల్లున నవ్వింది. నింగ్ షూ మాత్రం వరుస వరుసా వెతుకుతోంది.

"మా ఇలోనా ఎక్కడ? మగమనిషి. ఎడమచేత్తో తింటాడు, ఎవరూ చూడలేదా?"

ఫాంగ్ లాన్ ఆ వాచిన కాళ్లతోనే గేటు దాకా పరుగెత్తింది.

"ట్రాక్ సూట్ ఆయనా? పాస్ నాకిచ్చేసి ఎప్పుడో స్టేషన్‌కి వెళ్లిపోయాడక్కా," అన్నాడు కాపలావాడు.

వాడి బల్ల మీది చిన్న టీవీలో నింగ్ షూ కళ్లు తుడుచుకుంటోంది.

"అసలు ఇలోనాతో నేను ఆడింది నాలుగుసార్లే. తొమ్మిదేళ్లు రోజూ నాకు ఎదురుగా నిలబడి ఆమెలా ఆడింది ఆయన. కుడిచేతి మనిషి, ఆమె కోసం ఎడమచెయ్యి అలవాటు చేసుకున్నాడు. టీమంతా ఆయన్ని ఇలోనా అనే పిలిచాం. మోచెయ్యి పాడై ఇవాళ ఊరికి వెళ్లిపోతున్నాడు. పోయేముందు ఒక్కసారైనా దెంగ్ హై అని సొంత పేరు పెట్టి అందరి ముందూ పిలుద్దామని కుర్చీ అడిగాను. తీరా అతిథి పేరు రాయమంటే, అలవాటులో నేనూ ఇలోనా అనే రాసేశాను, ఇందాక పిలవడమూ అలాగే పిలిచేశాను."