లెక్కల పరీక్ష ముందురోజు

"చుక్కల మందు వద్దు డాక్టరుగారూ. రేపు పిల్లకి లెక్కల పరీక్ష. ఏదైనా మాత్ర రాసివ్వండి, చాలు" అంది తల్లి.

డాక్టరు అప్పటికే సీసా మూత తీశాడు. కుర్చీలో పదో తరగతి పిల్ల తల వెనక్కి వాల్చి కూర్చుంది. కొన్నాళ్ళుగా తెల్లారేసరికి తలనొప్పి, ఆ వెంటనే వాంతి. పరీక్షల భయమన్నారు చుట్టాలు. అద్దాల షాపతను అద్దాలు మార్చాడు, మళ్ళీ మార్చాడు. నొప్పి మాత్రం అలాగే ఉంది.

"ఇవి వేస్తే కంటిపాప విచ్చుకుంటుందమ్మా. అప్పుడే కంటి వెనక నరం బాగా కనిపిస్తుంది."

"రాత్రిదాకా అక్షరాలు అలుక్కుపోతాయటగా! ఈ పూట చదవకపోతే ఎలా? పరీక్ష అయ్యాక తీసుకొస్తాను."

ఈ డాక్టరు అసలు కళ్ళ డాక్టరు. ఒకప్పుడు ఆయన చేత శుక్లాల ఆపరేషన్ చేయించుకోవాలంటే వారాల తరబడి ఆగాల్సి వచ్చేది. అంతటివాడు ఉన్నట్టుండి ఆ పని మానేశాడు. నెరిసిన తలతో, తన సగం వయసు కుర్రాళ్ళ పక్కన బెంచీ మీద కూర్చుని తలనొప్పుల గురించి మొదటినుంచీ చదువుకున్నాడు. తిరిగొచ్చి 'తలనొప్పికి వైద్యం' అని బోర్డు కట్టాడు. తోటి డాక్టర్లు ఊరుకుంటారా? "మనవాడికి కళ్ళు నెత్తికెక్కాయి" అని నవ్వుకున్నారు. చేతులు వణుకుతున్నాయేమో అన్నారు కొందరు. ఆయనా వాళ్ళతో కలిసి నవ్వేవాడు. ఎందుకు మారావని అడిగితే మాత్రం టీ తెప్పించి మాట తప్పించేవాడు.

ఇవాళ తప్పించలేదు. తల్లిని గుమ్మం దాకా తీసుకొచ్చి, గొంతు తగ్గించాడు.

"ఒకసారి ఇలాగే ఒక పిల్ల తలనొప్పంది. రేపు పరీక్ష, చుక్కలు వద్దంది. సరేలే, అయ్యాక చూద్దామని అద్దాల నంబరు మార్చి ఊరుకున్నాను."

"ఏమైంది?"

"పరీక్ష బాగా రాసింది. ఫలితాలు వచ్చేనాటికి లేదు."

తల్లి ముఖం పాలిపోయింది. ఆ వెంటనే కోపం వచ్చింది. పిల్ల గురించి భయం వేస్తే తల్లులకి ముందు వచ్చేది కోపమే.

"ఏం మాటలండీ అవి, శుభమా అని పరీక్షకి వెళ్ళే పిల్లని పెట్టుకుని! మీకూ పిల్లలుంటే తెలిసేది."

"ఉందమ్మా. ఒక్కతే కూతురు. అదీ పదో తరగతే."

తల్లి నాలుక కరుచుకుంది.

"పరీక్షలంటే ఇల్లు పీకి పందిరేస్తుంది" అన్నాడు డాక్టరు. ఆయన ముఖంలో ఎక్కడలేని వెలుగు వచ్చింది. "పెన్ను జడలో గుచ్చుకుని, నా పెన్నేదీ అని నామీద అరుస్తుంది. వాళ్ళమ్మ ముద్దలు కలిపి పెడుతుంటే నోటినిండా అన్నంతో సూత్రాలు అప్పజెబుతుంది."

"మా ఇంట్లోనూ ఇదే గోల! పైగా మనం నోరెత్తకూడదు."

"ఎత్తితే ఇంకేమైనా ఉందా?"

ఇద్దరూ నవ్వారు. నవ్వేసరికి తల్లి మెత్తబడింది. తనలాగే పరీక్షల పిల్లతో వేగుతున్న మనిషి. ఆయన ఊరికే చెప్పడు.

"సరే, వేయండి. మరి చదువు?"

"నేను చదివిస్తాగా."

చుక్కలు వేశాడు. మందు పనిచేసేదాకా పిల్ల కళ్ళు మూసుకుని కూర్చోవాలి. డాక్టరు స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నాడు. లెక్కల సూత్రాలు ఒకదాని వెంట ఒకటి, పుస్తకం అవసరం లేకుండా చదువుతూ పోయాడు. బయట జనం గొణుగుతున్నా లేవలేదు. పిల్ల కళ్ళు తెరవకుండానే అందుకుంటోంది. ఒకచోట మాత్రం ఆగిపోయింది.

"ఆ పాఠం మాకు లేదంకుల్. తీసేశారు."

"అలాగా" అన్నాడు డాక్టరు. "నాకెవరూ చెప్పలేదమ్మా."

గదిలో దీపం ఆర్పి, చిన్న లైటుతో కుడి కన్ను చూశాడు. ఎడమ కన్ను చూశాడు. మళ్ళీ కుడి కన్ను. చీకట్లో తల్లికి ఆయన ముఖం కనబడలేదు. లైటు కుడి కంటి మీదే ఆగిపోవడం కనబడింది.

"నరం ఉబ్బిందమ్మా. తల లోపల ఏదో ఒత్తుతోంది. ఇవాళే పెద్దాసుపత్రికి వెళ్ళాలి. మీరు వేళకే వచ్చారు, వేళకే వచ్చారు."

తల్లి గోడ పట్టుకుని నిలబడింది.

"మరి లెక్కల పరీక్ష?" అంది పిల్ల.

"మళ్ళీ రాద్దువుగాని తల్లీ." డాక్టరు కారు తాళాలు అందుకున్నాడు.

బయట కూర్చున్నవాళ్ళందరినీ వదిలేసి, తన కారులోనే తీసుకెళ్ళాడు. ఆపరేషన్ అయ్యేదాకా ఆ తలుపు దగ్గరే నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు. పిల్ల బాగానే ఉందని చెప్పాక, మెట్ల మీద కూలబడి ఏడ్చాడు. ఎంత మంచి డాక్టరో, పరాయి పిల్ల కోసం ఇంత ఏడుస్తాడా అనుకుంది తల్లి.

ఫలితాలు వచ్చి, కాలేజీలు తెరిచాక తల్లీ కూతురూ మళ్ళీ వచ్చారు. పిల్ల తలమీద జుట్టు అప్పుడే మొలుస్తోంది. చేతిలో రంగుకాగితం చుట్టిన పెన్ను ఉంది. డాక్టరుగారి అమ్మాయి కోసం తనే ఏరి కొన్నదట. డాక్టరు లోపల వేరే ఎవరినో చూస్తున్నాడు.

"ఇది డాక్టరుగారి పాపకి ఇవ్వు. పరీక్షలు బాగా రాసిందా? ఏ కాలేజీలో చేరింది?" తల్లి నర్సుని అడిగింది. "ఆ రోజు ఆయన తన కూతురి సంగతి చెప్పకపోతే మేం లేచి వెళ్ళిపోయేవాళ్ళం. చల్లగా ఉండాలి తల్లి."

నర్సు పెన్ను అందుకుంది.

"నేనిక్కడ పనిలో చేరినప్పుడు మా పాప ఒకటో తరగతమ్మా, ఇప్పుడు కాలేజీకెళ్తోంది, డాక్టరుగారి పాప మాత్రం అప్పుడూ పదో తరగతే, ఇప్పుడూ పదో తరగతే."