పాలు ముట్టని బాలింత

“నిజం చెప్పు పిల్లా, యాడ తాగినవ్ పాలు?”

అత్త వీరమ్మ అన్నమ్మను నిలదీసింది. మూడు నెలల చంటిదాని పక్కగుడ్డ మీద మళ్లీ విరేచనంతో పాటు నెత్తుటి జీర కనిపించింది. బడిలో ఉప్మాకని వచ్చే బడిపిండి సంచిని విప్పి కుట్టిన గుడ్డ అది. ఎన్ని ఉతుకులకూ పోని నీలిరంగు ఇంగ్లీషు అక్షరాల పక్కన ఆ జీర తడితడిగా ఉంది.

“తాగలే అత్తా. చాయ్ గూడ ముట్టలే. యేసయ్య మీద ఒట్టు.”

“మరి నెత్తురెందుకు పడ్తది? పాలు, పెరుగు, సల్ల... నువ్వేది ముట్టినా నీ సన్నుపాలల్లకెల్లి బిడ్డకు వోతది, దాని కడుపుకు పడ్తలేదని డాక్టరమ్మ చిలక్కి చెప్పినట్టు చెప్పలే?”

చెప్పింది. సోయా అని ఒక గింజ ఉంది, అదీ పడకపోవచ్చు, కానీ అది మన దగ్గర దొరకదులే అని కూడా చెప్పింది. పదిహేను రోజుల్లో తగ్గకపోతే తల్లిపాలు ఆపి గంజినీళ్ల మీద పెడదామంది. ఆ పదిహేనో రోజు ఈరోజే. గంజినీళ్ల మీద మూడు నెలల పిల్ల ఎన్నాళ్లుంటుందో వాడకట్టులో ఎవరినడిగినా చెబుతారు.

అన్నమ్మ మాత్రం నిజంగానే చుక్క ముట్టలేదు. అన్నం, చింతపండు చారు, రెండు పూటలా జావ, అంతే. ఆ జావపిండి సంగతి మూడో కంటికి తెలియకూడదు. బడిలో పిల్లలకు ఉప్మా వండే వీరమ్మ, పాలు మానిన కోడలికి బలం కావాలని, రోజూ ఆ బడిపిండే రెండు గుప్పిళ్లు కొంగున కట్టుకొచ్చేది. తెలిస్తే వంటపని ఊడుతుంది.

ఇద్దరూ పిల్లను ఆ పక్కగుడ్డలోనే చుట్టి ఎత్తుకుని ఆసుపత్రికి బయల్దేరారు. మిర్యాలగూడ మిల్లుల ముందు లారీల వరుస దాటుతుండగా చంటిది ఆకలికి గుక్కపట్టింది. పాలు చేపి అన్నమ్మ పైట తడిసిపోయింది. ఆ తడి చూస్తే ఆమెకు పామును చూసినంత భయమేసింది. పిల్ల నోటికి రొమ్ము అందివ్వడానికి చెయ్యి రాలేదు.

డాక్టరమ్మ పిల్ల కడుపు నొక్కి చూసింది.

“ఏం తింటున్నావమ్మా?”

అత్త కాలు వచ్చి అన్నమ్మ కాలిని తొక్కింది.

“అన్నం, చారు.”

“ఇంకేమీ లేదా?”

“లేదమ్మా.”

“అయితే నీ పాలే పడటం లేదు. ఇవాళ్టి నుంచి ఆపెయ్యి.”

బల్ల మీది పిల్ల అన్నమ్మ పైటకొంగు పట్టుకుని లాగుతోంది. అన్నమ్మ ఇక ఆగలేకపోయింది.

“జావ తాగుతున్న డాక్టరమ్మా! బడిపిండి జావ! మా అత్త దాసుకొని తెస్తది.”

వీరమ్మ గబుక్కున డాక్టరమ్మ కాళ్ల మీద పడింది. “నౌకరి వోతదని చెప్పలే తల్లీ, తప్పైంది. గానీ అది ఉత్త మక్కపిండి, మక్కజొన్నల పిండి! పసుప్పచ్చగ ఉంటది, ఊరంత మక్కపిండే అంటరు. దాంట్ల పాల సుక్క గూడ లేదు, దేవుని తోడు!”

“ఎక్కడి నుంచి వస్తుందా పిండి?”

“ఏమో తల్లీ, సంచులల్ల వస్తది. గిదే సంచి. మెత్తగుంటదని ఉతికి బిడ్డకు కుట్టిన.”

డాక్టరమ్మ పిల్లను ఎత్తి అన్నమ్మ చేతికిచ్చి, పక్కగుడ్డను బల్ల మీద పరిచింది. ముడతలు సాపు చేసి, నీలి అక్షరాల మీద వేలు పెట్టి మెల్లగా తెలుగులో చదివింది.

“మక్కపిండి...”

“సూసినవా తల్లీ, నే చెప్పలే!” అంది వీరమ్మ.

వేలు పక్కకు జరిగింది.

“సోయాపిండి... పాలపొడి.”