చిలక కొట్టిన పండు

చిరిగిన దోమతెరను బాబు తండ్రి ల్యాబ్ డాక్టరమ్మ బల్ల మీద పరిచాడు.

"చూడండి మేడమ్, వేలెడు చిరుగు. కుట్టమని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. ఈవిడ కుట్టలేదు. మావాడు మెదడువాపుతో పోయాడు."

పక్కన కూర్చున్న భార్య తల ఎత్తలేదు. నెల రోజులుగా ఆమె వింటున్నది ఈ మాటే.

"దోమ కాదండీ," అంది డాక్టర్ రిపోర్టు తిప్పుతూ. "బాబు వెన్నులోంచి తీసిన నీటిలో దొరికిన వైరస్ జన్యువుల్ని చదివాం. దోమలు మోసే వైరస్‌తో పోలికే లేదు. గబ్బిలాల్లో ఉండేదానితో మాత్రం అక్షరం పొల్లుపోకుండా సరిపోయింది. గబ్బిలాలు కొరికిన పండ్లేమైనా తిన్నాడా?"

"ఛ! అలాంటి ఎంగిలి పండ్లు ఎందుకు పెడతాం? మా పెరట్లో జామపండ్లే తినేవాడు. అవీ తియ్యగా ఉంటాయని, చిలక కొట్టినవే ఏరి ఏరి నేనే..."

డాక్టర్ రిపోర్టు పక్కన పెట్టింది.

"చిలక కొట్టడం మీరు చూశారా?"

అతను దోమతెర చిరుగులో వేలు పెట్టి అలాగే ఉండిపోయాడు.

భార్య ఈ నెల రోజుల్లో మొదటిసారి తలెత్తి అతని మొహంలోకి చూసింది.

"పొద్దున మన చిన్నదానికి పెట్టారే, ఆ పండూ చిలక కొట్టిందేనా?"