తీగ లాగినా కదలని డొంక

రెండు రోజులుండి వెళ్తానని అత్తింటికి వచ్చిన అల్లుడుగారు రెండో నెలలో పడ్డారు. ఆ ఇంట్లో గదికో వైఫై పెట్టె, పెట్టెకో వైరు. నెట్ గుర్రంలా పరిగెత్తేది. ఈ వారమే ఆయన గదిలో నత్తనడక పట్టింది.

అల్లుడుగారు ఆఫీసులో నెట్‌వర్క్‌కి పెద్ద తలకాయ. అందుకని పెట్టెను ఆపి వెలిగించారు. అటక మీదికెక్కించి, మళ్ళీ దింపారు. పాస్‌వర్డు మార్చారు. వైరు జోలికి మాత్రం పోలేదు. అంత చిన్న పని ఆయన స్థాయికి తగదు.

"పోనీ, మీ ఇంట్లో నెట్ బాగుంటుందేమో బాబూ," అన్నారు అత్తగారు జాలిగా.

"దీని అంతు చూడందే గడప దాటను అత్తయ్యా," అని ఆయన స్నానానికి వెళ్ళారు.

ఇది బాగుపడితే గానీ ఆయన కదలరని అత్తగారికి అర్థమైంది. గబగబా ఆ గదిలోకెళ్ళి, ఎలక కొరికినదని తెలిసే తాను తగిలించిన పాత వైరు పీకేసి, చీరల మడతల్లో దాచిన కొత్త వైరు మళ్ళీ పెట్టారు.

తల తుడుచుకుంటూ వచ్చిన అల్లుడుగారు ఫోను చూసి మీసం దువ్వారు.

"చూశారా, నా చెయ్యి పడితే ఎలా పరిగెత్తుతోందో. ఇంత స్పీడు వదులుకుని మా ఇంటికి ఎవరెళ్తారు అత్తయ్యా?"