కోసిన పైపు

కారు కొంటానన్న మద్రాసు ఆసామి కోరాడని పత్తి మిల్లు యజమాని శ్రీకృష్ణ తన జపాన్ స్పోర్ట్స్ కారుకు వేగం పెంచే పెద్ద టర్బో స్వయంగా బిగించాడు. నిన్నటిదాకా బాగానే ఉంది. ఇవాళ యాక్సిలరేటర్ తొక్కితే నల్లటి పొగ కక్కి ఆగిపోతోంది. రేపు మద్రాసులో అప్పగించాలంటే చీకటి పడేలోగా కారు చిలకలూరిపేట దాటాలి.

పెరటి షెడ్డులో కారు కిందికి దూరి, టర్బో నుంచి ఇంజనుకు గాలి పోయే రబ్బరు పైపు తడిమాడు. అడుగువైపు కత్తితో కోసిన గాటు వేళ్ళకు తగిలింది.

షెడ్డులోకి తను కాక వచ్చేది భార్య ఒక్కతే.

"ఈ పైపు కోసింది నువ్వేనా?" అని అరిచాడు బయటికొచ్చి.

"నేనే," అంది జ్యోతిర్మయి, గుమ్మంలోంచి కదలకుండా.

"మతిగానీ పోయిందా నీకు? ఇలాంటిది గుంటూరులో కూడా దొరకదు, తెలుసా?"

"తెలిసే కోశాను."

శ్రీకృష్ణ చేతిలోని స్పానర్‌ను నేలకేసి కొట్టాడు. "ఎప్పుడూ ఇదే ఏడుపు. స్పీడుగా పోయి నేను చస్తానని. నీ పసుపుకుంకాలకేం ఢోకా లేదులే."

"నా భయం మీ గురించి కాదు," అందామె. "దర్శి రోడ్డులో మీరు గుద్దిన సైకిలాయన పొద్దున ఆస్పత్రిలో పోయాడు. ఆ రోజు కారు ఆపండని పక్క సీట్లోంచి ఎంత మొత్తుకున్నా మీరు ఆపలేదు. స్టేషనుకి ఫోన్ చేశాను. వాళ్ళొచ్చి చూసేదాకా ఈ కారు ఇక్కణ్ణుంచి కదలకూడదు."