నీలం కారులో నల్ల సీట్లు

అక్టోబరు పద్నాలుగు, శనివారం. ఆ పొద్దున వెండెల్ కాఫీతో వెన్న కేకు తిన్నాడు. సగం ముక్క మిగిలిపోయింది. భార్య లోరీన్ పోయిన దగ్గర్నుంచీ ఆ సగం అలా మిగులుతూనే ఉంది.

ఎనిమిదింటికల్లా సెయింట్ లూయిస్ ఊళ్లో కార్ల పండగ జరిగే చోట, చర్చి పక్క ఖాళీ స్థలంలో తన నీలం కార్వెట్ కారుని నిలిపి, మడత కుర్చీలో కూలబడ్డాడు. కారు అరవై ఏడు నాటిది. అతనికి డెబ్బై రెండు. వచ్చే ఏడాది మళ్లీ రావడానికి మోకాళ్లు ఒప్పుకోవు.

కార్వెట్ క్లబ్బువాళ్లు ఇచ్చే పత్రం ఒక్కటి చేతికొస్తే చాలు. ఫ్యాక్టరీ గేటు దాటిన రోజు ఎలా ఉందో కారు ఇప్పటికీ అలాగే ఉందని చెప్పే పత్రం. భార్యాభర్తలిద్దరూ పన్నెండేళ్లు ఆ కారు కింద పడుకుని చేసిన చాకిరీ అంతా దానికోసమే.

అది రెండుసార్లు చేజారింది. రెండుసార్లూ సీట్ల వల్లే. నీలం కారులో ఆకుపచ్చ సీట్లు.

"ఆ ఏడాది నీలానికి ఆకుపచ్చ ఇవ్వలేదు. ఫ్యాక్టరీ రంగుల పుస్తకంలో లేదు. మధ్యలో ఎవరో మార్చి ఉంటారు," అన్నారు జడ్జీలు.

"పుస్తకానికేం తెలుసు? ఇవి దీంతోపాటు పుట్టినవే," అనేది లోరీన్. పోయేదాకా అదే మాట.

ఆమె పోయిన చలికాలంలో వెండెల్ ఆ సీట్లు పీకించి, పుస్తకం చెప్పినట్టు నల్లవి వేయించాడు. పాతవి చెత్తబండిలో వెళ్లిపోయాయి.

పక్కనే గస్ తన కొత్త కారు తుడుచుకుంటున్నాడు. ముప్పై ఏళ్ల స్నేహితుడు.

"ఇంజనేమో వీపు వెనక. క్లచ్చేమో లేదు. దాన్ని కారంటావట్రా? లిఫ్టురా అది. మీట నొక్కితే పోతుంది," అన్నాడు వెండెల్, అలవాటు కొద్దీ.

"నీదో? తలుపేస్తే గిన్నెల బీరువా చప్పుడు. మలుపొస్తే దేవుణ్ణి తలుచుకోవాలి."

"అందుకే మేం భక్తిపరులం."

ఒకప్పుడైతే ఈ వాదన మధ్యాహ్నం దాకా సాగేది. ఇప్పుడు రెండు మాటలకే ఆయాసం.

ఇంతలో ఒక ముసలావిడ కర్ర ఊనుకుంటూ వచ్చింది. గోధుమరంగు స్వెట్టరు, చంకలో గుడ్డసంచి. ఎనభై దాటి ఉంటుంది. వచ్చినవాళ్లంతా ముందు ఇంజన్ చూస్తారు. ఈవిడ నేరుగా కిటికీలోంచి లోపలికి వంగింది.

"లోపల ఆకుపచ్చ ఉండాలి కదా, నాయనా?"

వెండెల్‌కి ఒళ్లు మండింది. నిరుడు చూసి నవ్వినవాళ్లలో ఈవిడా ఉన్నట్టుంది. మూడడుగుల దూరంలో జడ్జి మార్కులు వేస్తున్నాడు. ఈసారి జడ్జి కొత్తవాడు, ప్రెస్టన్. కాన్సస్ నుంచి వచ్చాడు. పాత సంగతులు తెలియవు.

"లేదమ్మా. నలుపే."

"మొదట్నుంచీనా?"

ప్రెస్టన్ కలం ఆగింది.

"ఫ్యాక్టరీలోంచి వచ్చిన రోజునుంచీ," అన్నాడు వెండెల్.

గస్ తుడిచిన అద్దాన్నే మళ్లీ తుడవసాగాడు.

ముసలావిడ చెయ్యి లోపలికి పెట్టి, సీటు కుట్టు వెంట వేలు పోనిచ్చింది.

"ముట్టుకోకమ్మా. మరక పడితే మార్కులు పోతాయి."

"తప్పే నాయనా." ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది. "కారుని బాగా చూసుకుంటున్నావు."

వరసలో మిగిలిన కార్లన్నిటిలోకీ ఒక్కొక్కటిగా వంగి చూసుకుంటూ వెళ్లిపోయింది.

నాలుగింటికి మైకులో వెండెల్ పేరు చదివారు. నూటికి తొంభై ఆరు. పత్రం వచ్చినట్టే. గస్ వచ్చి భుజం పట్టుకుని ఊపాడు. ఎగిరి గంతేయాలనుకున్న రోజు అది. వెండెల్‌కి మాత్రం ఇంటికెళ్లి చెప్పులు విప్పితే చాలనిపించింది.

చీకటి పడుతుండగా కారుని గరాజులో పెడుతుంటే ఫోన్ మోగింది. ప్రెస్టన్.

"పత్రంలో మీ ఆవిడ పేరు కూడా వేయమన్నారు కదండీ. అక్షరాలు సరిచూసుకుందామని."

వెండెల్ ఒక్కో అక్షరం చెప్పాడు. అడగ్గానే సరేనన్నాడు ఈ కుర్రాడు. మంచివాడు.

"అన్నట్టు, మీ కారు దగ్గర ఒక పెద్దావిడ ఆగింది, గుర్తుందా? ఇర్మా అట పేరు. బస్టాండు దాకా నేనే దింపాను. దారిపొడుగునా మీ కారు గురించే."

"ఏమంది?"

"మీదే తను వెతుకుతున్న కారేమోనని ఆశపడిందట. కాదన్నారుగా మీరు. పాపం, 'నాకు మతి తప్పుతోంది, ఇంక ఎక్కడా వెతకను' అంది."

"ఏం కారు?"

ప్రెస్టన్ నవ్వాడు.

"అప్పట్లో ఈ ఊరి కార్వెట్ ఫ్యాక్టరీలోనే సీట్లు కుట్టేదట. ఎవరో కొన్నాయన పెళ్లాం ముచ్చట పడిందని పైవాళ్లు చెబితే, ఒకే ఒక్క నీలం కారుకి ఆకుపచ్చ సీట్లు కుట్టిందట. పుస్తకంలో లేని మాట కదా, ఎవరూ నమ్మరు. చచ్చేలోపు ఒక్కసారి వాటిని చూసుకోవాలని, ఈ వేసవి నుంచీ చుట్టుపక్కల ఎక్కడ కార్ల పండగ జరిగినా వస్తోందట."

వెండెల్ ఫోన్ పెట్టేశాడు. ఇంట్లో లోరీన్ ఇంకా మేలుకుని ఉండి వింటుందేమో అన్నట్టు, గరాజు తలుపు చప్పుడు కాకుండా కిందికి దించాడు.